ఓనానికి అక్కడే ఉండు

అమలాపురం

చి. బుజ్జికి,

నీకు కొచ్చి కాక్కనాడ్‌లో ఉద్యోగం వచ్చిందని విని ఎంత సంబరపడ్డానో, మొన్న మీ నాన్న ఫోన్లో చెప్పిన మాటకి అంత ఉసూరుమన్నాను. ఓనానికి ఆఫీసుకి వరసగా సెలవులొచ్చాయట, నువ్వు ఇంటికి వచ్చేద్దామని టికెట్టు తీసుకున్నావట. నువ్వు అద్దెకున్న ఇంటావిడ పండగ భోజనానికి రమ్మంటే భాష రాదు, మొహమాటం అని తప్పించుకున్నావట. మీ అమ్మకి నిన్ను చూడాలని ఉంటుంది, కాదనను. అయితే దసరా ఎంతో దూరంలో లేదు. ఆ టికెట్టు రద్దు చేసుకో తల్లీ, ఓనానికి అక్కడే ఉండు. అన్నయ్యకి నేను చెబుతాను, నా మాట తీసెయ్యడు.

మీ మావయ్య బ్యాంకు ఉద్యోగం మూలాన నా కాపురం చాలా ఏళ్లు త్రిశూర్‌లోనే సాగింది. ఆ పండగ రుచి తెలిసినదాన్ని కనక ఇంతగా చెబుతున్నాను. ఓనం అంటే అరిటాకు నిండా రకరకాల కూరలని మనవాళ్లంతా అనుకుంటారు. హైదరాబాదు హోటళ్లలో ఆ ఒక్కపూట పెట్టే సద్య చూసి అలా అనుకోవడం సహజమే. కానీ ఆ భోజనం పదో రోజున. దానికి ముందు తొమ్మిది రోజుల పని ఉంది. అసలు పండగంతా ఆ పనిలో ఉంది. తిరువోనం నాడు మధ్యాహ్నం తయారై వెళ్లి, ఆకు ముందు ఫోటో దిగి, తినేసి వస్తే నువ్వు ఓనం చేసుకున్నట్టు కాదు. అత్తం నాటి నుంచే ఆ ఇంట్లో మెసులు.

అత్తం అంటే మన హస్త. మలయాళీల చింగం నెలలో హస్త నుంచి శ్రవణం దాకా పది రోజులు: అత్తం, చిత్తిర, చోది, విశాఖం, అనిళం, తృక్కేట్ట, మూలం, పూరాడం, ఉత్రాడం, తిరువోనం. పలుకు కొంచెం మారినా మన నక్షత్రాలే కాబట్టి నీ నోటికి తొందరగానే పడతాయి. చింగంతోనే వాళ్ల కొత్త సంవత్సరం మొదలు, క్రీ.శ. 825 నుంచి లెక్కపెట్టే కొల్లం శకం అది. చింగానికి ముందు నెల కర్కిడకం. ఆ నెలలో తెరపి లేని వాన ఎలా ఉంటుందో ఇప్పటికి నీకు తెలిసే ఉంటుంది. పాతరోజుల్లో ఆ వానల్లో కూలి దొరికేది కాదు, ఇంట్లో గింజలు అడుగంటేవి, జబ్బులు ముసిరేవి. సాయంత్రం దీపం పెట్టుకుని ఎళుత్తచ్చన్ రాసిన అధ్యాత్మ రామాయణం పారాయణ చేసుకుంటూ ఆ నెల గడిపేవారు, ఇప్పటికీ చదువుతారు. చింగం వచ్చేసరికి ఎండ పొడ కనిపిస్తుంది, మొదటి పంట కోతకొస్తుంది, పెరళ్లూ గట్లూ పూస్తాయి. ‘కాణం విట్టుం ఓనం ఉణ్ణణం’ అని వాళ్ల సామెత. ఉన్న ఆస్తి అమ్ముకునైనా ఓనం భోజనం చెయ్యాలని. ఎవరైనా ఆ మాట అంటే దుబారా మనుషులనుకోకు. కర్కిడకం ఆకలి దాటి వచ్చినవాళ్లు అన్న మాట అది.

అత్తం నాడు పొద్దున్నే తలారా స్నానం చేసి వాళ్ల ముంగిట్లోకి వెళ్లు. పూలతో ముగ్గు పెడుతూ ఉంటారు, పూక్కళం అంటారు దాన్ని. మొదటి రోజు చిన్నదే. రోజు రోజుకీ ఒక్కో వరస పెంచుకుంటూ పోతారు. దానికి ముఖ్యమైన పువ్వు ఏమిటనుకున్నావు? తుమ్మి పువ్వు. వాళ్లకి తుంబ. వినాయక చవితికి తెలంగాణలో తుమ్మికూర వండుకుంటారే, ఆ మొక్కే. గోరంత తెల్ల పువ్వు, ఎవరూ నాటరు, నీళ్లు పొయ్యరు, గట్ల మీద దానంతటది మొలుస్తుంది. ఎవరి పెరడూ అక్కర్లేకుండా ఎంత లేనివాళ్లకైనా దొరికే పువ్వుకి మహాబలి రాజుగారి కోసం వేసే ముగ్గులో మొదటి పీట వేశారు, చూశావా! తరవాత పసుప్పచ్చటి ముక్కుట్టి, ఎర్రటి తెచ్చి (మన నూరువరహాలే), శంఖుపుష్పం, తులసి. ఎర్ర మందారం మొదటి రెండు రోజులూ పెట్టకూడదని, చోది నుంచే పెట్టాలని కొన్ని ఇళ్లలో పట్టింపు. అడిగి పెట్టు.

ఇప్పుడు పూలు ఏరే పిల్లలు తగ్గిపోయారు. కర్ణాటకలో గుండ్లుపేట నుంచి, తమిళనాడులో తోవాళ నుంచి బంతిపూలు లారీల్లో దిగుతాయి. ఈమధ్య కుటుంబశ్రీ సంఘాల ఆడవాళ్లు అక్కడే బంతి సాగు చేస్తున్నారు, అది నాకు చాలా సంతోషం. మీ ఆఫీసులో పూక్కళం పోటీ పెడతారు, తాడు లాగే పందెం పెడతారు. వాటిలోనూ చేరు. అయితే ఇంటావిడ మనవల్ని వెంటేసుకుని ఒక్క పొద్దునైనా తుమ్మిపూలు ఏరడానికి వెళ్లు. నడుం వంచి అరగంట ఏరినా దోసెడు కావు. ఆ కాసిని పూలూ నీ చేత్తో ముగ్గులో పోశాక, ఆ ఇంట్లో నీకు మొహమాటం ఉంటే నన్నడుగు.

నువ్వున్న చోటు కూడా మామూలు చోటు కాదే! త్రిక్కాకర వామనమూర్తి గుడి నీకు ఆటోలో వెళ్లేంత దూరం. ఓనం అక్కడే పుట్టిందని మలయాళీల నమ్మకం. నమ్మాళ్వార్ కీర్తించిన క్షేత్రం, 108 దివ్యదేశాల్లో ఒకటి. అత్తం నాడు ధ్వజం ఎత్తి తిరువోనం దాకా ఉత్సవం చేస్తారు. ఆఫీసుకి వెళ్లేముందు ఒక పొద్దున దర్శనం చేసుకురా. అత్తం రోజునే త్రిపుణితురలో అత్తచ్చమయం ఊరేగింపు ఉంటుంది, వీలుంటే అదీ వదలకు. ఒకప్పుడు కొచ్చి మహారాజు స్వయంగా కదిలి వచ్చే ఊరేగింపు అది. నెట్టూర్ తంగళ్, కరింగాచిర కత్తనార్, చెంబిల్ అరయన్ అని ముగ్గురికి అందులో ప్రత్యేక మర్యాద ఉండేది. ఒకరు ముసల్మాను పెద్ద, ఒకరు క్రైస్తవ గురువు, ఒకరు బెస్తల నాయకుడు. రాజ్యాలు పోయాయి, ఊరేగింపు ఇప్పుడు జనానిది.

గుడికి వెళ్లేముందు ఒక సంగతి చెప్పాలి. వామనుడి కథ నీకు కొత్త కాదు, పోతన గారి అష్టమ స్కంధం పద్యాలు బళ్లో అప్పజెప్పినదానివి. బలి శుక్రాచార్యుడికి జవాబు చెప్పే చోట మనకి ఒళ్లు పులకరిస్తుంది. ఆ తరవాత వామనుడు బ్రహ్మాండమంతా నిండుతుంటే మన చూపు ఆయన వెంట పైకి పోతుంది. మలయాళీల చూపు కిందనే, తల వంచిన రాజు మీదే నిలిచిపోయింది. భాగవతంలో యజ్ఞం నర్మద ఒడ్డున జరిగింది, బలి సుతలానికి వెళ్లాడు, విష్ణువే ఆయన వాకిలి కాపలా కాశాడు. కేరళలో ఆ కథ ఇంకా సాగింది. ఆ రాజు ఏడాదికోసారి తన జనాన్ని చూసుకోవడానికి తిరిగొస్తాడు. మహాబలిని ముద్దుగా మావేలి అంటారు. ఆయన ఏలినప్పుడు అబద్ధం లేదట, దొంగ తూకం లేదట, ఎక్కువ తక్కువలు లేవట. వచ్చి చూసేవేళకి తన మనుషులు బాధల్లో ఉన్నట్టు ఆయనకి కనబడకూడదు. అందుకని ఇల్లు అలుక్కుని, కొత్తబట్ట కట్టుకుని, కడుపునిండా వండుకుంటారు. ఓడిపోయిన రాజు కోసం ఏటా ముంగిలి సింగారించే జనం వాళ్లు. ఈ పండగంటే నాకు అంత ప్రాణం అందుకే.

మరి గుడిలో ఉన్నది వామనుడు కదా అని నువ్వు అడగొచ్చు. ఉత్రాడం రాత్రో తిరువోనం తెల్లవారుజామునో మట్టితో చేసిన నాలుగు పలకల మూర్తుల్ని అరిటాకు మీద, పూల మధ్య నిలబెడతారు. బియ్యప్పిండి కలిపిన నీళ్లు చేత్తో జారవిడిచి చారలు దిద్దుతారు, తుమ్మిపూలు గుచ్చుతారు, అడ అనే పిండివంట నైవేద్యం పెడతారు, మగవాళ్లు ఆర్ప్పో అని కేకలేస్తారు. ఆ మూర్తి పేరు త్రిక్కాకరప్పన్. ఆయన వామనుడని కొందరంటారు, మహాబలి అని కొందరంటారు. ఒకే ఇంట్లో అవ్వ ఒకటి, మనవడు ఒకటి చెప్పగా విన్నాను. వాదన పెట్టుకోకు, ఇద్దరి మాటా విను. రాక్షసుడు కదండీ అన్న మాట మాత్రం పొరపాటున కూడా నోట రానీకు. వాళ్లకి నొప్పి కలుగుతుంది.

ఇది పంట పండగ అంటారు కదా, మరి చేలెక్కడ అని నీకు సందేహం రావాలి. కాక్కనాడ్‌లో నీకు అద్దాల మేడలు తప్ప ఏం కనిపిస్తాయి? 1970లలో కేరళలో 8.8 లక్షల హెక్టార్ల దాకా వరి ఉండేది, ఇప్పుడు 2 లక్షల దరిదాపులకి పడిపోయింది. గురువాయూర్‌లో ఇల్లం నిర అని కొత్త వరి కంకులు గుళ్లోకి తెచ్చి పూజచేసి భక్తులకి పంచుతారు. ఆ కంకి ఇంటికి తెచ్చి వాకిట్లో కట్టుకుంటారు. చేను లేకపోయినా ఆ కంకి మీద భక్తి పోలేదు. మరి పండగ నాడు ఆకులో పడే అన్నం? అందులో మన గింజ చాలా ఉంది తల్లీ. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో పరిశోధన చేసి 1968లో విడుదల చేసిన జయ వరి ఉందే, ఆ ఉప్పుడు బియ్యమంటే మలయాళీలకి మహా ఇష్టం. మన గోదావరి జిల్లాల్లో దాళ్వాకి బొండాలు అనే రకం పండించి, మిల్లుల్లో ఉడకబెట్టి ఆరబెట్టి, ఆ జయ పేరుతోనే అటు పంపుతారు. ఓనం ముందు అక్కడ జయ బియ్యం ధర పెరిగితే పేపర్లో వార్త. మీ ఇంటావిడతో ఈ సంగతి చెప్పు, మాట కలపడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. మట్ట బియ్యం వండే ఇల్లయితే ఎర్రటి లావు మెతుకు వస్తుంది. తినగా తినగా దాని రుచి తెలుస్తుంది, మొదటి ముద్దకే ముఖం పెట్టకు.

ఉత్రాడం నాడు సెలవు దొరికితే పొద్దున్నే ఆ వంటింట్లో ఉండు. ఎర్నాకుళం బ్రాడ్వే సందుల్లో ఆ రోజు కాలు పెట్టడానికి చోటుండదు, మిగిలిపోయిన సరుకుల కోసం ఊరంతా పరుగే. ఉత్రాడ పాచ్చిల్ అని ఆ పరుగుకే పేరు పెట్టారు. మగవాళ్లని ఆ పనికి పంపించి, ఆడవాళ్లు తరగడం మొదలుపెడతారు (ఇప్పుడు మగవాళ్లూ కత్తిపీట పడుతున్నారని విన్నాను, మంచిదే). ‘చేచీ, నేను కొబ్బరి కోరతాను’ అను. కోనసీమ పిల్లకి కొబ్బరి కోరడం ఒకరు నేర్పాలా! అవియల్‌కి కూరముక్కలు వేలెడు పొడుగున, ఒకే మందాన తరగాలి, అది చూసి నేర్చుకో. ఓలన్‌కి బూడిద గుమ్మడి, అలసందలు, కొబ్బరి పాలు, అంతే. మసాలా మాటే ఉండదు. కాళన్‌కి కందా అరటికాయా పుల్ల పెరుగులో దగ్గరపడేదాకా ఉడకాలి. ఎరిశ్శేరిలో గుమ్మడి మీద వేయించిన కొబ్బరి పడుతుంది. పుళి ఇంజి మన అల్లప్పచ్చడికి దగ్గర చుట్టం, అది మాత్రం నువ్వు అడిగి మరీ వేయించుకుంటావు.

అడ ప్రథమన్ చేసేటప్పుడు పొయ్యి దగ్గర్నించి కదలకు. కొబ్బరి పాలు మూడుసార్లు తీస్తారు. బెల్లం పాకంలో కలిపిన అడ, అంటే బియ్యప్పిండితో చేసిన పలచటి ముక్కలు, ముందు పలచని మూడో పాలల్లో ఉడుకుతాయి, తరవాత రెండో పాలు. చిక్కటి మొదటి పాలు ఆఖర్న పోసి, మరగనివ్వకుండా దించేస్తారు, మరిగితే విరుగుతుంది. తిరువనంతపురం వైపు పాయసంలో బోళి నంజుకుంటారు, అది మన బొబ్బట్టు రూపమే. మలబారులో కొన్ని ఇళ్లలో ఓనం విస్తట్లో చేపా కోడీ కూడా ఉంటాయి. సద్య అంటే ఇదే అని ఎవరైనా ఖరారుగా చెబితే సరేనని వదిలెయ్యి.

తిరువోనం నాడు ముందుగా దీపం దగ్గర గణపతికి ఒక ఆకు వేస్తారు. తరవాత మనకి. ఆకు కొస ఎడమ చేతివైపు ఉండాలి. ఉప్పు, వేయించిన అరటికాయ ముక్కలు, బెల్లం పట్టిన శర్కర వరట్టి, ఊరగాయలు ఎడమ పక్క మొదలుపెట్టి పై సగమంతా కూరలు పడతాయి. అన్నం కింది సగంలో. మొదట పప్పూ నెయ్యీ అప్పడం నలిపి కలుపుకోవాలి, తరవాత సాంబారు. ఆ వెంటనే పాయసం వస్తుంది. మనలా అన్నం ముగిసిందనుకుని నువ్వు నిండుగా పట్టించేస్తే చిక్కే, ఇంకా పులిశ్శేరి, రసం, మజ్జిగ మిగిలే ఉంటాయి. పాయసం ఆకులోనే పోయించుకుని చిన్న అరటిపండు పిసికి చేత్తో తిను. తీపి మొహం మొత్తితే ఊరగాయ కాస్త నాలిక్కి రాసుకుని మళ్లీ తిను. అయ్యాక ఆకుని నీ వైపుకి మడిచి లే. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి పంక్తిలో కూచోకు. వడ్డించు. ఎవరికి ఏది అయిపోయిందో చూసి నడుం వంచి వడ్డిస్తే, పదిమందికీ నీ ముఖం గుర్తుంటుంది.

అందరూ ఒకే వరసలో కూచుని తినడం నీ వయసు వాళ్లకి వింతగా ఉండదు. అది ఊరికే రాలేదు బుజ్జీ. మావేలి కాలంలో మనుషులంతా ఒక్కటే అని పాడుకున్న ఊళ్లలోనే, కౌలుదార్లు పండిన మంచి గెల తెచ్చి భూస్వామి గుమ్మంలో పెట్టి, ఆయన ఇచ్చే కొత్తబట్ట పుచ్చుకుని దూరంగా నిలబడేవారు. అంటరానివాళ్లని ముంగిట్లోకే రానిచ్చేవారు కాదు. నీకు దగ్గర్లోనే, వైపిన్ దీవిలో చెరాయి అని సముద్రం ఒడ్డున ఊరుంది, సరదాగా వెళ్లే ఉంటావు. అక్కడ 1917లో సహోదరన్ అయ్యప్పన్ కులాలు కలిపి కూచోబెట్టి భోజనం పెట్టించాడు. దానికి ఆయన్ని వెలివేశారు, ‘పులయన్ అయ్యప్పన్’ అని వెక్కిరించారు, ఆయన ఆ పేరునే గౌరవంగా తీసుకున్నాడు. జనం నోట ఉన్న ఓనం పాటని ఈ కాలానికి తగ్గట్టు తిరగరాసినదీ ఆయనే. ఆయన గురువు నారాయణ గురు పుట్టినరోజు చింగంలో చతయం, అంటే తిరువోనం అయిన రెండో నాడు. దళితుల పిల్లలకి బడి తలుపులు తెరిపించడానికి పోరాడిన అయ్యంకాళి పుట్టింది అవిట్టం, తిరువోనం మర్నాడు. పండగ రోజుల్లోనే వీళ్ల జయంతులు కూడా వస్తాయి. వాడవాడలా పసుపు జెండాలు, ఊరేగింపులు కనిపిస్తాయి. ఇవేవో వేరే సభలని పక్కకి తప్పుకోకు, ఒక్క గంట నిలబడి చూడు. నా మటుకు నాకు ఓనం అంటే తిరువోనం ఒక్కటే కాదు, ఆ తరవాతి రెండు రోజులూ కలిపే.

బట్టల సంగతి అడుగుతావు. కసవు అంచు చీర ఒకటి కొనుక్కో, సెట్టు ముండు కట్టడం ఇంటావిడ నేర్పుతుంది. మిల్లుబట్ట చవగ్గా దొరుకుతుంది, అయినా కొనకు. పరవూర్ దగ్గర చేందమంగలం చేనేత సంఘంలో కొను. 2018 ఆగస్టు వరదల్లో ఆ మగ్గాలన్నీ మునిగాయి, ఓనానికని నేసి పెట్టుకున్న బట్టంతా బురదపాలైంది. ఆ ఏడు ప్రభుత్వం కూడా ఓనం ఉత్సవాలు మానేసింది. ఆ మరకపడ్డ బట్టనే శుభ్రం చేసి, కత్తిరించి చేకుట్టి అని చిన్న బొమ్మలు చేసి అమ్మి నేతగాళ్లకి సాయం చేశారు. నా పూజగదిలో ఒకటి ఉంది, చూశావు కదా. ఇంటి పెద్దలు నీకు కొత్తబట్ట ఇస్తే వద్దనకు, రెండు చేతులా అందుకుని దండం పెట్టు. అది ఓనక్కోడి, ఇంటి పిల్లలకే ఇస్తారు.

చతయం నాడు మధ్యాహ్నం రైల్లో త్రిశూర్ వెళ్లు. స్వరాజ్ రౌండులో పులికళి, అంటే పులివేషాలు. పొద్దుటినుంచీ కూచుని ఒంటి నిండా రంగులు పూయించుకున్న పులులు చెండ మోతకి బొజ్జలు కదిలిస్తూ వస్తాయి. 2016 నుంచి ఆడపులులు కూడా బయల్దేరాయి. మూడింటికల్లా చేరుకుంటే ముందు వరసలో నిలబడొచ్చు. ఉత్తరాభాద్ర నాడు పంపానదిలో ఆరన్ముళ పడవల పందెం, దానికి చెంగన్నూర్ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. ఆరోజు సెలవు పెట్టే వీలుంటేనే. అలప్పుళ నెహ్రూ ట్రోఫీ గురించి అందరూ చెబుతారు. 1952లో నెహ్రూ వచ్చినప్పుడు మొదలైన పందెం అది, మంచిదే, కానీ ఆరన్ముళలో పడవ దేవుడిది, పాట పాడుతూ తెడ్డు వేస్తారు, నన్నడిగితే అదే ముందు చూడాలి.

వెళ్లేటప్పుడు చేతిలో కొట్టు స్వీట్ల పెట్టె పట్టుకెళ్లకు. ఆత్రేయపురం నుంచి బెల్లం పూతరేకులు తెప్పించి పంపుతున్నాను, నెయ్యి వాసన వాళ్లకీ నచ్చుతుంది. గుమ్మంలోనే ‘ఓనాశంసకళ్’ అను, తక్కినదంతా తెలుగులో మాట్లాడినా ఫర్వాలేదు. వాళ్లింట్లో పెద్దలూ పిల్లలూ కలిసి ఎంతమందో వెంటనే రాయి. దాన్నిబట్టి ఎన్ని కట్టించాలో చెప్పాలి, అత్తం లోపల పార్సిలు నీ చేతికి అందాలి.

ఇట్లు,
అత్తయ్య